ఏరు అలిసిన చోట

దెందులూరు మెట్టకీ పల్లానికీ సరిహద్దున ఉన్న ఊరు. ఉత్తరాన పెదవేగి వైపు వెళ్లేకొద్దీ నేల మెల్లగా లేస్తుంది, ఎర్రబడుతుంది. ఆయిల్‌పామ్ తోటలు, కోకో, కొబ్బరి, బోరు నీళ్లు. దక్షిణాన కొవ్వలి వైపు వెళ్లేకొద్దీ నేల వాలుతుంది, నల్లబడుతుంది. ముందు వరిచేలు, తరవాత చేపల చెరువులు, ఆ తరవాత కొల్లేరు. నడుమ ఏలూరు కాలవ, హౌరా–చెన్నై రైలు మార్గం, జాతీయ రహదారి. పెద్ద రైళ్లు ఇక్కడ ఆగవు. ఇక్కడో ఊరుందని కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకి తెలిసేలోపే భీమడోలు వచ్చేస్తుంది.

ఇప్పుడు కొల్లేరున్న చోట ఒకప్పుడు సముద్రపు నీరు ఉండేదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. సుమారు 6 వేల ఏళ్ల కిందట అది తీరాన్ని ఆనుకున్న ఉప్పునీటి మడుగు. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క గోదావరి తెచ్చిన ఒండ్రు పేరుకుంటూ పేరుకుంటూ ముందుకు పోయింది. సముద్రం వెనక్కి జరిగింది. రెండు డెల్టాల నడుమ పూడకుండా మిగిలిన పల్లం వాననీటితో, వాగులతో నిండి మంచినీటి సరస్సయింది. ఈ రోజు కొల్లేటి నుంచి సముద్రం సూటిగా 35 కిలోమీటర్లు. కొల్లేటి నీళ్లు మాత్రం ఉప్పుటేటిలో పడి, మెలికలు తిరుగుతూ 60 కిలోమీటర్లు నడిస్తే గాని సముద్రం చేరవు. సముద్రం వెళ్లిపోయిన దారిన, నీళ్లు ఇంకా వెళుతున్న దారిన నేనూ వెళ్లాలనుకున్నాను.

దెందులూరు మా అమ్మ పుట్టిల్లు. అమ్మ పోయి ఏడాది దాటింది. మంచం పట్టిన మనిషిని ఏళ్ల తరబడి చూసుకున్నవాళ్లకి ఆ అలసట ఏమిటో నేను చెప్పక్కర్లేదు. అది కాళ్లలోనో నడుములోనో ఉండదు, చెవిలో ఉంటుంది. ఏ పని చేస్తున్నా చెవి పక్కగదిలోనే ఉంటుంది: దగ్గిందా, పిలిచిందా, మంచం కిర్రుమందా అని. మనిషి వెళ్లిపోయాక కూడా చెవి ఆ గదిలోంచి బయటికి రాదు. కర్మకాండలు అయ్యాయి, గోదావరిలో అస్థికలు కలిపాం, ఏడాది తద్దినమూ పెట్టాం. నిద్ర మాత్రం రాలేదు. ఇలాంటప్పుడే మావయ్య ఫోన్ చేశాడు. అమ్మకి పసుపుకుంకుమల కింద ఇచ్చిన చెక్కని పక్కరైతు కొంటానంటున్నాడు, వచ్చి సంతకం పెట్టి వెళ్లమని.

నేను ఎరిగిన నాటికి ఆ చెక్క వరిచేను. చుట్టుపక్కలవాళ్లు ఒక్కొక్కరూ చెరువులు తవ్వుకున్నారు. నాలుగు వైపులా నీళ్లు నిలబడితే నడుమ వరి బతకదు. ఊటకి దుబ్బులు కుళ్లిపోయాయి. చివరికి అదీ చెరువులో కలిసింది. అమ్మకి ఏటా కౌలు డబ్బు వచ్చేది. ఆమె ఆ డబ్బు ముట్టుకుంటూ ‘చేను డబ్బు’ అనే అనేది, చెరువు అనేది కాదు.

మావయ్యతో కలిసి గట్టు మీద నిలబడ్డాను. నీళ్లలో పాతిన వెదురుగడలకి తవుడు సంచులు వేలాడుతున్నాయి. సంచికి బెజ్జాలు ఉంటాయి, చేపలు వచ్చి పొడుచుకుని తింటాయి. ఒక కుర్రాడు చిన్న పడవ మీద గడ దగ్గర్నుంచి గడ దగ్గరికి తిరుగుతూ ఖాళీ సంచులు విప్పి నిండు సంచులు కడుతున్నాడు. ఇక్కడ పెంచేది బొచ్చె, శీలావతి. పెరిగాక ఐసు పెట్టెల్లో లారీలెక్కి హౌరా, అస్సాం వెళతాయి.

“అదిగో, ఆ మూల మీ అమ్మ గట్టు మీద కందులు పోసేదమ్మాయ్,” అన్నాడు మావయ్య. ఆయన చూపించిన మూల నీళ్లలో ఉంది. అమ్ముతున్నది నేలా నీళ్లా అని ఒక్క క్షణం అనిపించింది. కాగితంలో మాత్రం సర్వే నంబరు, తూర్పు పడమర హద్దులు, పల్లపు భూమి అని ఉన్నాయి. అమావాస్య రాకముందే రిజిస్ట్రేషన్ అయిపోవాలని కొనేవాళ్లు పట్టుబట్టారు. ఫొటో తీశారు, వేలిముద్ర తీసుకున్నారు, సంతకాలు పెట్టించారు. అరగంటలో అంతా అయిపోయింది.

దెందులూరు ఇంతకంటే పెద్దవాటిని వదులుకున్న ఊరు. పెదవేగి, చినవేగి, దెందులూరు కలిసిన ప్రాంతమే ఒకనాటి వేంగీ నగరమని చరిత్రకారులు చెబుతారు. విష్ణుకుండిన రాజు రెండో విక్రమేంద్రవర్మ చిక్కుళ్ల శాసనాన్ని లెందులూరు నుంచి ఇచ్చాడు. ఆ లెందులూరే ఈ ఊరు. తూర్పు చాళుక్యులు రాజధానిని రాజమహేంద్రవరానికి మార్చుకున్నాక వేంగి మెల్లగా పల్లెలుగా విడిపోయింది. ఇక్కడి భీమలింగదిబ్బ ఇప్పుడు పురావస్తు శాఖ రక్షణలో ఉన్న మట్టిదిబ్బ. నాకు వీటన్నిటికంటే ముందటి సంగతి ఒకటి ఇష్టం. 4వ శతాబ్దంలో ఈ వేంగిని ఏలిన శాలంకాయన రాజు హస్తివర్మ పేరు ఎక్కడో అలహాబాదు స్తంభం మీద ఉంది. సముద్రగుప్తుడు దక్షిణాపథం మీదికి వచ్చి ఓడించిన రాజుల్లో హస్తివర్మ ఒకడు. ఆ రాజుల్ని చక్రవర్తి పట్టుకున్నాడు, విడిచిపెట్టాడు, దయ చూపాడు అని ఆ శాసనం చెబుతుంది. అంత దూరాన్నుంచి ఈ రాజ్యాల్ని నిలుపుకోవడం కుదిరే పని కాదు గనక అలా చేశాడని చరిత్రకారుల వివరణ. వివరణ ఏదైనా, అందనంత దూరంలో ఉన్నదాన్ని వదిలెయ్యడాన్ని అతని ఆస్థానం విజయాల కిందే రాయించింది. దిబ్బ పక్కన నిలబడి ఈ మాట తలుచుకుంటే నా భుజాలు కొంచెం తేలికపడ్డాయి.

మావయ్య ఉద్యోగమంతా కాలవ మీద లస్కరుగా గడిచింది. లాకు తలుపులు ఎత్తడం, దించడం, రాత్రివేళ గండ్లు పడకుండా గట్టు మీద తిరగడం. నీటి సంగతి ఆయన్ని మించి చెప్పేవాళ్లు నాకు తెలిసి లేరు. సముద్రం దాకా వెళదాం అంటే, ఎందుకని అడగలేదు. చెప్పులు వేసుకుని కారెక్కాడు.

ఏలూరులో తమ్మిలేరు దాటాం. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు, గుండేరు, ఇవి కాక డెల్టా పొలాల మురుగుకాలవలు పదులకొద్దీ కొల్లేట్లో పడతాయి. లోపలికి వచ్చే దారులు అన్ని ఉంటే బయటికి పోయే దారి ఉప్పుటేరొక్కటే. ఏలూరు–కైకలూరు రోడ్డు కొల్లేటిని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. రెండు వైపులా తుంగ, కిక్కిస, మైళ్లకొద్దీ గుర్రపుడెక్క. తాటిదోనెల మీద మనుషులు మావులు ఎత్తి చూసుకుంటున్నారు. పెదఎడ్లగాడి వంతెన దగ్గర కారు ఆపమన్నాడు మావయ్య. 2024 సెప్టెంబరులో బుడమేరుకి గండ్లు పడి విజయవాడలో చాలా భాగం మునిగిన వానలకి, ఆ నీళ్లన్నీ చివరికి వచ్చి చేరింది ఇక్కడికే. బెజవాడలో ముంపు తీసి జనం ఇళ్లు కడుక్కునే వేళకి కొల్లేటి లంకల్లో నీరు పెరుగుతోంది. ఈ రోడ్డు మీద నీళ్లు పారాయి, రాకపోకలు ఆగాయి. పత్రికల్లో రోజూ పెదఎడ్లగాడి దగ్గర నీటిమట్టం ఎంతో వేసేవారు.

“నీరు పల్లమెరుగు అంటారు గానీ, ఇక్కడ పల్లం ఏదీ?” అన్నాడు మావయ్య. “అయిదడుగులమ్మాయ్. సముద్రానికీ దీనికీ తేడా అంతే. ఆ అయిదడుగుల వాలు పట్టుకుని అంత దూరం పోవాలి. మధ్యలో ఎవడు గట్టు వేసినా, ఎక్కడ గుర్రపుడెక్క అడ్డం పడినా వెనక్కి ఎగదన్నుతుంది.”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కొల్లేటి హద్దుని సముద్ర మట్టం నుంచి అడుగుల లెక్కలోనే కొలుస్తారు. 1999లో అభయారణ్యంగా ప్రకటించినప్పుడు 5 అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లని తీసుకున్నారు. 2002లో రాంసార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. కాగితం మీద ఈ గౌరవం దక్కే నాటికే సరస్సు చాలా మటుకు చెరువు గట్ల కింద ముక్కలైపోయింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ఆ గట్లని పేల్చారు. పెద్ద చెరువులకి పెట్టుబడి ఎక్కడి నుంచో వచ్చింది, లంకల్లో పుట్టి వల తప్ప ఇంకోటి ఎరగని కుటుంబాలూ ఆ చెరువుల మీదే బతికాయి. గట్టు తెగినప్పుడు ఇద్దరికీ తెగింది గానీ, ఇద్దరూ ఒకేలా నష్టపోలేదు. 2008లో శాసనసభ హద్దుని 3 అడుగులకి తగ్గించాలని తీర్మానం చేసింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ 5 అడుగులే ఉండాలంది. సరస్సు సరస్సుగా ఉండాలన్నది నా నమ్మకం. ఆ నమ్మకం కోసం లంకలోని మనిషి చేత బతుకు వదిలించిన తీరు మాత్రం నన్ను బాధపెడుతుంది. మనంతట మనం వదులుకోవడం వేరు, ఒక ఉదయం పొక్లెయిన్ వచ్చి వదిలించడం వేరు.

ఆటపాకలో ఎక్కువసేపు ఉండలేదు. నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకున్నాయి. పిల్ల తన తలంతా తల్లి గొంతు సంచిలోకి దూర్చి తింటోంది. ఆ పిల్లలే రెక్కలొచ్చాక ఇటు తిరిగి చూడవు.

ఆలపాడు దగ్గర రోడ్డు దిగి కొల్లేటికోట వెళ్లాం. చుట్టూ నీళ్లు, నడుమ పెద్దింట్లమ్మ గుడి. ఫాల్గుణంలో ఇక్కడ జరిగే జాతరకి కొల్లేటి ఊళ్లన్నీ కదిలి వస్తాయి. జలదుర్గకీ గోకర్ణేశ్వరుడికీ కల్యాణం చేస్తారు. మేం వెళ్లిన వేళ గుడి ముందు ముగ్గురు ఆడవాళ్లు చేపల బుట్టలు దించుకుని అలుపు తీర్చుకుంటున్నారు.

ఈ కోట గురించి ఒక కథ ఉంది. ఒడిశా గజపతి సేనాని ఇక్కడ కోట కట్టుకుని ఉంటే, చుట్టూ ఉన్న నీళ్ల వల్ల శత్రువు దగ్గరికి రాలేకపోయాడట. అప్పుడు శత్రువు కొల్లేటి నుంచి సముద్రానికి కాలవ తవ్వించి సరస్సుని ఖాళీ చెయ్యబోయాడట. అదే ఉప్పుటేరు అంటారు. సేనాని గెలుపు కోసం తన కూతుర్ని దేవతలకి బలి ఇచ్చాడట. ఆ కాలవకి పేరంటాల కనుమ అనే పేరు అలా వచ్చిందని చెప్పుకుంటారు. భూగర్భ శాస్త్రం ఈ కథని ఒప్పుకోదు. సముద్రం వెనక్కి పోతూ విడిచిన దారే ఉప్పుటేరు. అయినా కథ నన్ను వదల్లేదు. తండ్రికి గెలుపు దక్కింది, కాలవకి పేరు దక్కింది, ఆ పిల్లకి కథలో ఒక్క మాటైనా లేదు. ఈ దేశంలో పేరంటాళ్ల గుళ్లు చాలా ఉన్నాయి. దెందులూరు మండలంలోనే గాలాయగూడెంలో అచ్చమ్మ పేరంటాలుకి పెద్ద తిరునాళ్లు జరుగుతాయి. పసుపు, కుంకుమ, చీర, గాజులు పెట్టి మొక్కుకుంటారు. మొక్కేవాళ్లు ఎక్కువమంది ఆడవాళ్లే. అందరి కోసం అన్నీ వదులుకున్నవాళ్ల ముందుకి వచ్చి, తాము వదులుకున్నవి చెప్పుకుంటారని నాకనిపిస్తుంది.

మా అమ్మ కూడా చాలా వదులుకుంది. స్కూలు ఫైనల్ తరవాతి చదువు, పుట్టింటి ఊరు, ఆఖరికి తన నడక. ఏదీ తన ఇష్టంతో వదల్లేదు. చివరి నెలల్లో మాత్రం ఒక్కొక్కటే తనంతట తను దించుకుంటూ వచ్చింది. ముందు పత్రిక చదవడం, తరవాత కాఫీ, తరవాత ఇంట్లో తాళాలు ఎక్కడున్నాయని అడగడం. “ఇంక మీరు చూసుకోండి,” అంది ఒక రోజు. ఆ మాటని అప్పుడు నిస్సహాయతగా విన్నాను. అలా విని మరింత గట్టిగా పట్టుకున్నాను: ఇంకో డాక్టరు, ఇంకో స్కాను, ఇంకో ఊరు. ఎవరైనా అంతే చేస్తారు.

ఆకివీడు దగ్గర ఉప్పుటేరు కనిపించింది. గుడివాడ–భీమవరం రైలు మార్గం దీన్ని దాటుతుంది. ఏటి కట్టలకి ఆనుకుని చెరువులు, షెడ్లు. నీళ్లు ఎటు పోతున్నాయో తెలియడం లేదు. గుర్రపుడెక్క గుంపు ఒకటి ఎగువకి పోతోంది.

“పోటు మీద ఉందమ్మాయ్,” అన్నాడు మావయ్య. “అమావాస్య కదా, పోటు పెద్దది. ఆరు గంటలు పైకి తోస్తుంది, ఆరు గంటలు కిందికి లాగుతుంది. కొల్లేటి నీళ్లు దిగేది ఆ లాగినప్పుడే.”

వరదలొచ్చినా అంతే. సరస్సు ఎంత నిండినా, సముద్రం లోపలికి తోస్తున్నంతసేపూ ఆగాలి, అది వెనక్కి తీసినప్పుడు వెళ్లాలి. ఎండాకాలం సరస్సులో నీళ్లు తగ్గితే ఇదే దారిన ఉప్పు ఎగువకి ఎక్కి వస్తుంది. ఉప్పుని ఆపడానికి ఉప్పుటేటి మీద రెగ్యులేటర్లు కట్టాలన్న మాట ఏళ్లుగా నలుగుతోంది. ఏరు మాత్రం ఏటేటా పూడిపోతోంది, కట్టలు ఏటేటా లోపలికి జరుగుతున్నాయి. 35 కిలోమీటర్ల దూరాన ఉన్నా సముద్రం కొల్లేటిని పూర్తిగా వదల్లేదని ఆ వంతెన మీద నిలబడితే తెలుస్తుంది. రోజుకి రెండుసార్లు వచ్చి తట్టి వెళుతుంది.

భీమవరం దాకా దారి పొడుగునా సార్వా కోతలు. కోసిన పనలు చేలో ఎండుతున్నాయి, కొన్నిచోట్ల యంత్రాలు తిరుగుతున్నాయి, రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోశారు. ఈ నేల ఎలా పుట్టిందో తలుచుకుంటే నాకెప్పుడూ ఆశ్చర్యమే. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో బయల్దేరిన గోదావరి, మహాబలేశ్వరంలో బయల్దేరిన కృష్ణ ఇంత దూరం మట్టిని మోసుకొచ్చాయి. కొండల్లో ఉన్నప్పుడు నది ఉరుకుతుంది, దొరికినదల్లా ఎత్తుకుపోతుంది, దేన్నీ దించదు. సముద్రం దగ్గరపడి వాలు పోయాక దాని పరుగు తగ్గుతుంది. మోసే శక్తి తగ్గేకొద్దీ మోసుకొచ్చినదాన్ని దించుతుంది. ముందు ఇసుక, తరవాత మెత్తటి ఒండ్రు. గోదావరి, కృష్ణ డెల్టా జిల్లాల పల్లంలో వరి పండే నేలంతా అలా దించినదే. నది అలిసిపోయిన చోటే మన అన్నం పుట్టింది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి కాలవలు తవ్వించింది కూడా, నది ముందే పరిచిపెట్టిన ఈ మట్టి మీదనే.

ఇన్నేళ్లూ నేను అలసటని తప్పుగా, లోటుగా చూసే మాటల మధ్యే బతికాను. అలిసిపోయానంటే ధైర్యం చెబుతారు, టానిక్ చెబుతారు, యోగా చెబుతారు. దించమని ఎవరూ చెప్పరు. అమ్మ ‘ఇంక మీరు చూసుకోండి’ అన్నది నిస్సహాయత కాదు, ఈ డెల్టాలో నది చేసే పనే ఆమె చేసిందని ఆ పొలాల మధ్య నాకు అర్థమైంది. తను మోసినదాన్ని మా కోసం దించింది.

ఇందులో ఇంకో సగం ఉంది, అది చెప్పకపోతే ఈ మాట అబద్ధమవుతుంది. నదులు ఇప్పుడు మునుపటిలా దించడం లేదు. ఎగువన శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంటి జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతోంది. కొత్త మట్టి రాని డెల్టా అంచుని సముద్రం కోసుకుపోతోందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏళ్లుగా చెబుతున్నారు. ఉప్పుటేరు సముద్రంలో కలిసే వైపు చినగొల్లపాలెం దీవిలో జనం అది కళ్లారా చూస్తున్నారు. పొలాలు, తోటలు సముద్రంలోకి జారిపోయాయి. నీటికి ఆనకట్టలు కావాలి, అవి లేకుండా ఈ జిల్లాలు లేవు, కాదనను. కాని 6 వేల ఏళ్లు వెనక్కి నడిచిన సముద్రం మళ్లీ ముందుకి తిరగడం వెనక, పైన ఎక్కడో మనం పట్టి ఉంచుకున్న మట్టి ఉంది.

ఆ రాత్రి భీమవరంలో చుట్టాలింట్లో పడుకున్నాం. తెల్లారితే పోలిపాడ్యమి. చీకటితోనే లేచి మొగల్తూరు వైపు వెళుతుంటే కాలవ రేవుల్లో ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు పెట్టి వదులుతున్నారు. కార్తీకమంతా దీపాలు పెట్టినవాళ్లు ఈ రోజు పోలిని స్వర్గానికి పంపుతారు. పోలి కథ అమ్మ ఏటా చెప్పేది. అయిదుగురు కోడళ్లలో చిన్నది పోలి. అత్త మిగతా కోడళ్లని తీసుకుని ఏటికి వెళుతూ పోలిని ఇంట్లో వదిలి వెళ్లేది. పోలి పత్తిచెట్టు కింద రాలిన పత్తితో వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్న రాసి, దీపం పెట్టి, ఎవరికీ కనపడకుండా బుట్ట మూసేది. నెల తిరిగేసరికి ఆమె కోసం విమానం దిగింది. తమ కోసమే వచ్చిందనుకున్న అత్తా తోడికోడళ్లూ, పోలి దాంట్లో ఉండడం చూసి ఆమె కాళ్లు పట్టుకుని వేలాడారు. దేవదూతలు వాళ్లని కిందికి తోసేశారని కథ. అమ్మ ఆ ముక్క ఎప్పుడూ చెప్పేది కాదు. “పోలి వెళ్లిపోయింది” అని ఆపేసేది. వాళ్లేమయ్యారని చిన్నప్పుడు నేను గొడవ చేస్తే, “ఇంటికి వచ్చి అన్నం వండుకున్నారు,” అనేది.

పేరుపాలెం చేరేసరికి ఎండ వచ్చింది. కార్తీకమాసం ఆదివారాల్లో ఇక్కడ ఇసక వేస్తే రాలనంత జనం. మాసం అయిపోయిన మర్నాడు గనక తీరం ఖాళీగా ఉంది. ఒక పక్క వేళాంగిణి మాత గుడి, ఒక పక్క కొబ్బరిచెట్లు. కొంతమంది మనుషులు రెండు వరసల్లో నిలబడి, సముద్రంలో వేసిన వల తాళ్లని ఒడ్డుకి లాగుతున్నారు. కెరటం వచ్చేటప్పుడు లాగుతున్నారు, వెనక్కి పోయేటప్పుడు తాడుని కాస్త సడలిస్తున్నారు. సడలించకపోతే తాడు అరచేతుల్ని కోసేస్తుందని వాళ్లలో ఒకాయన చెప్పాడు. “సముద్రంతో బిగబట్టకూడదండి, అది లాగినప్పుడు ఇచ్చెయ్యాలి, ఇచ్చినప్పుడు తీసుకోవాలి,” అన్నాడు. గంటసేపు లాగితే వచ్చినవి రెండు బుట్టల చిన్నచేపలు. ఆయన ముఖంలో విసుగు లేదు.

మావయ్య ఇసకలో కూర్చుని 1977 సంగతి చెప్పాడు. ఆ ఏడు నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. 10 వేల మందికి పైగా పోయారు. ఆ గాలి దెందులూరులోనూ ఇళ్ల కప్పులు ఎగరగొట్టింది. తరవాత సహాయం పనులకి వెళ్లినవాళ్లలో తనూ ఉన్నాడట. “ఒక ముసలాయన రోజూ సాయంత్రం సముద్రం ఒడ్డుకి వచ్చి కూర్చునేవాడు. ఇంట్లోవాళ్లంతా పోయారు. దీన్ని చూడాలని ఎలా ఉందయ్యా నీకు అని అడిగాను. ‘వాళ్లున్న చోటు ఇదే కదా బాబూ’ అన్నాడు.” మావయ్య చాలాసేపు ఇంకేం మాట్లాడలేదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం నీటిని తలుపు వేసి ఆపిన మనిషి ఆయన. అక్కయ్య పోయినప్పుడు అందరి ముందూ ఏడవలేదు. అప్పుడు ఏడ్చాడు.

నేను మోకాళ్ల లోతు దాకా వెళ్లి నిలబడ్డాను. సముద్రాన్ని చూస్తే మన దుఃఖం చిన్నదైపోతుందని చాలామంది రాశారు. నాకు అలా అనిపించలేదు. అమ్మ లేని లోటు అంతే ఉంది, ఒక అంగుళం తగ్గలేదు. మారింది ఒక్కటే. కెరటాల హోరు నిండిన చెవికి పక్కగది వినిపించలేదు. ఒడ్డుకి వచ్చి కొబ్బరిచెట్టు నీడన కొంగు పరుచుకుని నిద్రపోయాను. మావయ్య ఎండ మారిన వేళకి లేపాడు.

తిరిగి వచ్చేటప్పుడు లోసరి వంతెన మీద ఉప్పుటేరు మళ్లీ కనిపించింది. ఈసారి ఆటు మీద ఉంది. గుర్రపుడెక్క, కొబ్బరి మట్టలు, ఎక్కడో ఎవరో వదిలిన థర్మకోల్ దొన్నెలు కొన్ని, అన్నీ సముద్రం వైపు పోతున్నాయి.

చేను అమ్మిన డబ్బు గురించి మావయ్య అడిగాడు. అందులో కొంత ఆయన కంటి ఆపరేషన్‌కి, కొంత అమ్మ చదివిన బడికి అని చెప్పాను. మిగిలింది ఇంకా ఆలోచించలేదు.

కొల్లేరు చూడ్డానికి వచ్చేవాళ్లు ఆటపాకలో పక్షుల్ని చూసి వెళ్లిపోతారు. మీరు వస్తే ఉప్పుటేరు కూడా చూడండి. ఆకివీడు దగ్గరో లోసరి దగ్గరో ఆగి, కట్టలు ఎంత లోపలికి జరిగాయో, నీటికి ఎంత దారి మిగిలిందో చూడండి. కొల్లేటికి రావడానికి దారులు ఎన్నో ఉన్నాయి, పోవడానికి ఇదొక్కటే ఉంది. ఈ ఏటి పూడిక తీయించాలని, కట్టల మీది ఆక్రమణలు తొలగించాలని అడిగేవాళ్లు ఇప్పటిదాకా ఎక్కువగా లంకల జనమే. మునిగేది వాళ్లే గనక వాళ్లు అడుగుతున్నారు. ఈ డెల్టా అన్నం తినే మనమంతా వాళ్లతో కలిసి అడగాలి. పోలిపాడ్యమికి దీపం వదిలితే అరటిదొప్పలోనే వదలండి.